శాలువా తర్వాత ఏమిటి?

పదవీ విరమణ సభ ఎలా జరుగుతుందో మనందరికీ తెలుసు. దండలు, శాలువాలు, ఒక జ్ఞాపిక, నాలుగు మంచి మాటలు. సాయంత్రం సహోద్యోగులంతా ఇంటిదాకా వచ్చి దిగబెట్టి వెళతారు. అసలు రిటైర్మెంటు మొదలయ్యేది ఆ మర్నాడు ఉదయం, క్యారియర్ కట్టే పని లేనప్పుడు.

మా నాన్నగారూ బ్యాంకు ఉద్యోగే. ఆయన రిటైరైనప్పుడు మేం అక్కచెల్లెళ్ళం ముగ్గురం డబ్బులు వేసుకుని కాళ్ళకు మసాజ్ చేసే యంత్రం కొన్నాం. రెండుసార్లు వాడారు. ఇప్పుడు దానిమీద పాత పేపర్లు పెడుతున్నారు. ఆ ఏడాది ఆయనకు నిజంగా నచ్చిన కానుక మా చెల్లెలి కొడుకు ఇచ్చాడు. "తాతయ్యా, చక్రవడ్డీ లెక్కలు నాకు రావట్లేదు, శనివారం శనివారం చెప్తావా?" అని అడిగాడు, అంతే. శుక్రవారం రాత్రే నాన్న తెల్లకాగితాలు సిద్ధం చేసుకునేవారు. ఆయనకు విశ్రాంతి ఇవ్వాలని మేం అనుకున్నాం. ఆయనకు కావలసింది తనతో ఇంకా పని ఉందనే ధైర్యం.

ముందు గమనించండి

ఏదైనా కొనే ముందు ఒక వారం గమనించండి. పేపరు చదవడానికి కిటికీ దగ్గరకు వెళుతున్నారా? అయితే కుర్చీ పక్కన మంచి దీపం కావాలి. రాత్రి బాత్‌రూముకు వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా? అక్కడ గట్టి పట్టుకమ్మీ, జారని పట్టా, దారిలో చిన్న లైటు పెట్టించండి. "మీరు పెద్దవాళ్ళయ్యారు" అని చెప్పకుండా, "ఇంట్లో అందరికీ పనికొస్తుంది" అని పెట్టించండి. కొత్త ఫోను కొనిస్తే అక్షరాలు పెద్దవి చేసి, ముఖ్యమైన నంబర్లు ఫొటోలతో సహా ఎక్కించి ఇవ్వండి. పక్కన కూర్చుని నేర్పడం కూడా ఆ కానుకలో భాగమే.

బదిలీల పుస్తకం

మన కుటుంబాలకు బాగా నప్పే కానుక ఇది. పెద్ద ఖర్చు లేదు. గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. పనిచేసిన ఒక్కొక్క ఊరికి రెండేసి పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో ఆ ఊరి పేరు, ఉన్న సంవత్సరాలు, దొరికిన ఫొటోలు. పాత ఫొటోలను అతికించవద్దు. కాపీలు తీయించి అతికించి, అసలువి దాచండి. కుడి పేజీ ఖాళీగా వదిలి, పైన ఒక ప్రశ్న మాత్రం రాయండి: అద్దె ఇల్లు ఎవరిది? పిల్లల్ని ఏ బడిలో వేశారు? లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు శాఖలో ఎలా ఉండేది? 2016 నవంబరులో నోట్ల రద్దు రోజుల్లో ఇంటికి ఎన్నింటికి చేరేవారు?

జవాబులు వాళ్ళే తమ చేత్తో రాయాలి. రాయడం కష్టమైతే మనవలు ఫోనులో రికార్డు చేసి ఎక్కించవచ్చు. సగం ఖాళీగా ఇస్తున్నాం కాబట్టే ఈ పుస్తకం వాళ్ళకు కొన్ని నెలల పని అవుతుంది.

అమ్మకూ ఒకటి

ప్రతి బదిలీకీ సామాను సర్దింది అమ్మ. నాన్న రిటైరయ్యాక ఆమెకు పని తగ్గదు. రోజుకు రెండుసార్లు అదనంగా కాఫీ చేరుతుంది. ఆమెకు చీర ఇవ్వండి, దానితోపాటు సమయం కూడా ఇవ్వండి. నెలకొక ఆదివారం వంటగదికి సెలవు, ఆమె వెళ్ళాలనుకున్న ఊరికి ప్రయాణం, తోబుట్టువులతో నాలుగు రోజులు. పోపుల డబ్బా దగ్గర కూర్చుని ఆమె పచ్చళ్ళ కొలతలు రాసుకుంటే, ఆ పుస్తకం ఆమెకూ కానుకే, మనకూ కానుకే.

డబ్బు రూపంలో ఇస్తే

పిల్లలు తల్లిదండ్రులకు ఇచ్చే డబ్బు బహుమతిపై వాళ్ళకు ఆదాయపు పన్ను పడదు. దానిమీద వచ్చే వడ్డీ మాత్రం వాళ్ళ ఆదాయమే. అరవై దాటినవారు తమ పేరున సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల రూపాయల వరకు పెట్టుకోవచ్చు. గడువు 5 ఏళ్ళు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికి వస్తుంది. ఇచ్చాక "ఏం చేశారు?" అని లెక్క అడగకండి. జీవితమంతా ఊరందరి లెక్కలు చూసినవారు వాళ్ళు.

ఒక పూట కూర్చుని అన్ని ఖాతాల నామినేషన్లు సరిచూడండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ సమయానికి ఇంటికి వెళ్ళండి. జీవన్ ప్రమాణ్‌ను ఫోనులో ముఖం చూపించి ఇంటి నుంచే పూర్తి చేయవచ్చు. అయిదు నిమిషాల పని. ఆ వంకతో రెండు రోజులు ఉండి రండి.

మా నాన్నగారి బదిలీల పుస్తకంలో ఇంకా మూడు ఊళ్ళు మిగిలాయి. "తొందరేముంది, మెల్లగా రాస్తాను" అంటున్నారు. మేమూ తొందరపెట్టడం లేదు.