చెవికి కాదు, కాలికి చెప్పు

హైదరాబాద్‌కు చెందిన డ్యుసేర్ టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీ 2014లో ఒక జత బూట్లను బయటపెట్టింది. వాటి పేరు లేచల్. చూడ్డానికి మామూలు స్పోర్ట్స్ షూలే. లోపలి మెత్తలో మాత్రం బుల్లి మోటారు, బ్యాటరీ, బ్లూటూత్ చిప్పు ఉంటాయి. ఎక్కడికి వెళ్లాలో ఫోన్‌కి ఒకసారి చెప్పి జేబులో పడేసుకుంటే చాలు. ఎడమకు తిరగాల్సిన చోట ఎడమ పాదం కింద గుర్రుమంటుంది, కుడికైతే కుడి పాదం కింద. మాటా పలుకూ ఏమీ ఉండవు. అనిరుధ్ శర్మ అనే యువ ఇంజినీరుకు వచ్చిన ఆలోచన ఇది. క్రిస్పియన్ లారెన్స్‌తో కలిసి దాన్ని బజారులోకి తెచ్చాడు. చూపు లేనివారికి ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోవడానికి మన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ సాయం తీసుకున్నారు.

ఫోన్‌లో మ్యాపు ఎలాగూ ‘ఎడమకు తిరగండి’ అని చెబుతూనే ఉంటుంది కదా, మళ్లీ కాలి కింద ఈ గుర్రు ఎందుకన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. చూపు లేని మనిషికి రోడ్డు మీద చెవి ఖాళీగా ఉండదు. అదీ సంగతి.

చూపు లేనివారిలో కొందరు గోడకు తగలకముందే ఆగిపోతారు. ఎలా తెలిసిందంటే, ముఖం మీద ఏదో ఒత్తిడిలా అనిపించిందంటారు. చాలాకాలం శాస్త్రజ్ఞులు కూడా దీన్ని చర్మానికున్న శక్తి అనుకున్నారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాలెన్‌బాక్ అనే ప్రొఫెసర్, ఆయన విద్యార్థులు దీని గుట్టు విప్పారు. ఆ విద్యార్థుల్లో మైకేల్ సుపా స్వయంగా అంధుడు. నడిచేవారి తలకీ ముఖానికీ మందపాటి ముసుగు కప్పినా గోడను పసిగట్టగలిగారు. బూట్లు విప్పించి తివాచీ మీద నడిపిస్తే తడబాటు మొదలైంది. చెవులు గట్టిగా మూసేసరికి నేరుగా వెళ్లి గుద్దుకున్నారు. చివరి పరీక్ష ఇంకా చిత్రమైనది. మనిషిని వేరే గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. గోడ వైపు నడుస్తున్న మరొకరి అడుగుల చప్పుడును మైక్ ద్వారా వినిపించారు. కూర్చున్న చోటి నుంచే, గోడ దగ్గరపడిందని ఆయన చెప్పేశాడు! 1944లో వెలువడిన ఈ ఫలితాలతో ముఖానికి ‘చూపు’ ఉందన్న మాట వీగిపోయింది. పని చేసేది చెవి. అందుకు ముడిసరుకు అడుగుల చప్పుడు, కర్ర టకటక, వాటి ప్రతిధ్వని.

ఇంత పనిలో ఉన్న చెవిలో ఇయర్‌ఫోన్ దోపి గలగలా మాట్లాడించడం సాయం అనిపించుకోదు. ఆగివున్న ఆటో ఇంజను, గోడ అయిపోయి సందు మొదలైనచోట మారే గాలి హోరు, ఎదురొచ్చే సైకిల్ గొలుసు సవ్వడి, ఇవన్నీ ఆ మాటల కింద పడి నలిగిపోతాయి. చెవి రంధ్రం మూయకుండా చెంప ఎముక గుండా శబ్దం పంపే హెడ్‌సెట్లు కొంత నయం. కానీ అక్కడా మాట మాటే, దాని మీద మనసు పెట్టక తప్పదు.

అందుకే చర్మం వైపు చూశారు. సెకనుకు 200 నుంచి 300 సార్లు వచ్చే కంపనాలను మన చర్మం కింది నాడుల కొసలు బాగా పట్టుకుంటాయి. ఆగకుండా గుర్రుమంటూ ఉంటే మాత్రం కాసేపటికి పట్టించుకోవడం మానేస్తాయి. కాబట్టి ఆపి ఆపి కొట్టాలి. ఎంత సమాచారం పంపాలన్నదీ లెక్కలోకి వస్తుంది. 1969లో పాల్ బాకీ రీటా అనే శాస్త్రజ్ఞుడు దంతవైద్యుడి పాత కుర్చీ వీపుకు 400 కంపన మొనలు అమర్చి, కెమెరా చూసిన బొమ్మను అంధుల వీపు మీద ‘గీయించాడు’. కెమెరాను తమ చేత్తో తామే తిప్పుకోనిచ్చాక వాళ్లు ఎదుట ఉన్న వస్తువులను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. మెదడు గురించి మన అవగాహననే మార్చిన ప్రయోగమది. కానీ అది కుర్చీలో కూర్చున్నవారి సంగతి. కోఠిలో రోడ్డు దాటే మనిషికి 400 చుక్కల బొమ్మ ఎందుకు? ఎడమా, కుడా, దగ్గరా, దూరమా అన్నది తెలిస్తే చాలు. నన్నడిగితే, ఈ రంగంలో నిలబడ్డ పరికరాలన్నీ తక్కువ మాట్లాడేవే.

దారి చెప్పడం ఒక పని, అడ్డు చెప్పడం మరో పని. రెండోదానికి మంచి ఉదాహరణ ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం.బాలకృష్ణన్ బృందం తయారుచేసిన స్మార్ట్‌కేన్. ఇదీ 2014లోనే వచ్చింది. ఒంటికి తొడుక్కునేది కాదు, తెల్ల కర్ర పిడికి బిగించుకునేది. అయినా సూత్రం తెలియాలంటే దీన్నే చూడాలి. అడ్డును పసిగట్టే మణికట్టు పట్టీల్లోనూ ఉండేది ఇదే కిటుకు. పరికరం మన చెవికి అందని అతిధ్వనిని ముందుకు వదులుతుంది. అడ్డు తగిలి అది తిరిగి వచ్చేదాకా పట్టిన కాలాన్ని కొలుస్తుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. అడ్డు 3 మీటర్ల దూరంలో ఉంటే రాకపోకలు కలిపి 6 మీటర్లు, అంటే సుమారు 17 మిల్లీసెకన్లు. చవక చిప్పు కూడా దీన్ని తేలిగ్గా కొలవగలదు. అదే పని కాంతితో చేయాలంటే ఒక సెకనులో 100 కోట్లో వంతులను లెక్కపెట్టాలి. 6 మీటర్లకు కాంతికి పట్టేది అలాంటివి 20 మాత్రమే. ధ్వని నెమ్మదితనమే ఇక్కడ కలిసొచ్చింది. స్మార్ట్‌కేన్‌ను మొదట్లో సుమారు 3,000 రూపాయలకే ఇవ్వగలిగారు. లేచల్ ధర 100 నుంచి 150 డాలర్ల మధ్య ఉండేది.

మామూలు తెల్ల కర్ర అడుగు ముందున్న నేలను చెబుతుంది. మోకాలికి పైన ఉన్నవి దానికి అందవు: ఆగిన లారీ వెనక తలుపు, వంగిన చెట్టుకొమ్మ, బయటికి తెరుచుకున్న కిటికీ రెక్క. నిజంగా తల పగలగొట్టేవి ఇవే. స్మార్ట్‌కేన్ వీటిని 3 మీటర్ల నుంచే పట్టి, దూరాన్ని బట్టి కంపనం తీరు మారుస్తుంది. అలాగని దాని మీదే భారం వేయలేం. నునుపైన అద్దం ఏటవాలుగా ఉంటే ప్రతిధ్వని మరోవైపు పోతుంది. ఆరేసిన దుప్పటి శబ్దాన్ని మింగేస్తుంది. వేలాడే సన్నని తీగ సరిగా దొరకదు. మూత లేని మ్యాన్‌హోల్‌ను పట్టేది కర్ర కొసే. కాబట్టి మెడలో, మణికట్టుకు, నడుముకు ఏది తగిలించుకున్నా కర్ర వదలకూడదు. కర్ర అక్కర్లేదని చెప్పే ప్రకటనను నేను నమ్మను.

బూట్ల పరిమితి ఆకాశంలో ఉంది. ఆరుబయట ఫోన్‌లోని జీపీఎస్ 5 మీటర్ల అటూఇటుగా చోటు చెబుతుంది. ఎత్తయిన భవనాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి తిరిగి వస్తాయి కాబట్టి పొరపాటు ఇంకా పెరుగుతుంది. కారుకు ఇది లెక్కలోది కాదు. కాలినడకన వెళ్లేవారికి మాత్రం రోడ్డుకు ఏ పక్కన ఉన్నారో కూడా తేలదు. మలుపు వచ్చిందని బూటు చెప్పగలదు, ఫుట్‌పాత్ అంచు ఎక్కడుందో చెప్పలేదు. ఇప్పుడొస్తున్న కెమెరా కళ్లద్దాలు బోర్డులు, నోట్లు, మందుల చీటీలు చదివి పెడతాయి. నిలబడ్డచోట అది వరమే. నడకలో మాత్రం వాటి వ్యాఖ్యానం మళ్లీ చెవి మీదికే వస్తుంది.

బ్యాటరీ అక్కర్లేని సాధనం ఒకటి అందరి కాళ్ల కిందా ఉంది. సెయిచి మియాకే కనిపెట్టగా, 1967లో జపాన్‌లోని ఒకాయామాలో తొలిసారి పరిచిన గరుకు పలకలు అవి. పొడుగు గీతలుంటే సాగిపొమ్మని, చుక్కలుంటే ఆగమని అర్థం. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో చూడొచ్చు. ఫుట్‌పాత్ మీద కనిపిస్తే దాని మీద మీ బండి స్టాండు వేయకండి. తెల్ల కర్రతో వస్తున్న మనిషి దగ్గర హారన్ కొట్టకండి, ఆ క్షణం ఆయనకు రోడ్డంతా మాయమైపోతుంది. సాయం కావాలా అని అడగండి. కావాలంటే మీ మోచేయి అందించండి, ఆయన చేయి పట్టుకుని లాగకండి.