సంతకం పడితే సమ్మతి దొరికినట్లేనా?

అపోహ: సమ్మతి పత్రంపై సంతకం పడితే పరిశోధకుల బాధ్యత తీరినట్లే.

వాస్తవం: మనుషులపై జరిపే పరిశోధనలో తనకు ఏమి ఇస్తారో, ఎందుకిస్తారో, దానివల్ల ఏ ముప్పు రావచ్చో, వద్దనుకుంటే వైద్యానికి లోటు లేకుండా ఎప్పుడైనా తప్పుకోవచ్చని తన భాషలో విని, ఆలోచించుకున్న తరువాత మనిషి చెప్పే ఒప్పుకోలునే సమ్మతి అంటారు, సంతకం దానికి గుర్తు మాత్రమే. 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి వేసిన ప్రాజెక్టులో ఈ రెంటి మధ్య ఎంత దూరముందో బయటపడింది. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ప్రకారం 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు వేసినవి, 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. వేలిముద్ర వేయడం తప్పేమీ కాదు, అయితే చదువురాని వారి విషయంలో పరిశోధనతో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరి వరకు పక్కనే ఉండి సంతకం చేయాలి. వార్డెన్ ఎంత ఆప్తంగా చూసుకున్నా, కన్నవారు చెప్పాల్సిన మాటను ఆయన చెప్పడం న్యాయం కాదు.

అపోహ: ఆ ప్రాజెక్టు కాలంలో బాలికలు టీకావల్లే చనిపోయారు.

వాస్తవం: ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని తేల్చింది, అమలులోని లోపాలను కూడా ఎత్తిచూపింది. టీకా సురక్షితమా అన్నది ఒక ప్రశ్న, అడగవలసిన వారిని అడిగారా అన్నది మరొకటి. వీటిని కలగలిపితే టీకాపై లేనిపోని భయం పుడుతుంది, జరిగిన అన్యాయమూ మరుగున పడుతుంది.

అపోహ: నైతిక సమీక్షా సంఘం, అంటే ఎథిక్స్ కమిటీ, ఆసుపత్రి డాక్టర్ల వ్యవహారం.

వాస్తవం: 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం అందులో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకు బయటివారై ఉండాలి, అధ్యక్షుడూ బయటివారే కావాలి, న్యాయశాస్త్రం తెలిసినవారు, మహిళ, వైద్యంతో సంబంధం లేని సామాన్య వ్యక్తి తప్పనిసరి. అనుమతితో దాని పని ముగిసిపోదు, తీవ్రమైన దుష్ఫలితం తలెత్తితే పరిశోధకుడు 24 గంటల్లో దానికి తెలియజేయాలి.

క్లినికల్ ట్రయల్‌లో చేరేవారు, తాము సంతకం చేసిన సమ్మతి పత్రం ప్రతిని అడిగి తీసుకోవాలి. దానిని ఇవ్వడం పరిశోధకుని విధి.