న్యాయపీఠం ఖాళీ అయినప్పుడు

హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు పదవీ విరమణ చేయాలి. ఆ తేదీ ఆయన ప్రమాణం చేసిన నాడే అందరికీ తెలుసు. అయినా ఆ స్థానం తరచూ నెలల తరబడి ఖాళీగానే ఉండిపోతుంది. ముందే తెలిసిన ఖాళీ సకాలంలో ఎందుకు నిండదు? నిండితే ఎవరితో నిండుతుంది? ఇవి వకీళ్లకే సంబంధించిన ప్రశ్నలని అనుకోరాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం వాసులకూ, కొల్లేటి లంక గ్రామాల ప్రజలకూ ఇది ఇంటి విషయమేనని మేము భావిస్తున్నాము.

నియామకం తీరు

రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం న్యాయమూర్తిని నియమించేది రాష్ట్రపతి. 1993, 1998 సంవత్సరాలలో సుప్రీంకోర్టు చెప్పిన మాటతో ఎంపిక కొలీజియం చేతికి వచ్చింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి మరి ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులతో సంప్రదించి పేర్లు ప్రతిపాదిస్తారు. ముఖ్యమంత్రి, గవర్నర్ల అభిప్రాయం తీసుకున్న పిదప ఆ పేర్లు కేంద్ర న్యాయశాఖకు, అక్కడి నుండి సుప్రీంకోర్టు కొలీజియానికి చేరుతాయి. ఖాళీ ఏర్పడటానికి ఆరు నెలల ముందే ఈ పని మొదలు కావాలన్నది నియమం. కేంద్రం తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్ చట్టాన్ని 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కొలీజియం ఒక పేరును రెండోసారి పంపితే ప్రభుత్వం అంగీకరించవలసిందే. కాని జాప్యం చేసే వీలు మాత్రం దానికి మిగిలే ఉంది. మరోవైపు, కొలీజియం ఎంపికలు మూసిన తలుపుల వెనుక సాగుతాయన్న విమర్శలోనూ నిజముంది. ఇరుపక్షాల రాజకీయమూ ఈ రెండు చోట్లనే దాగి ఉంది.

2020 డిసెంబరు పాఠం

మన రాష్ట్ర హైకోర్టు 2019 జనవరి 1న అమరావతిలో ఆరంభమైంది. మంజూరైన స్థానాలు 37 కాగా, ఆనాడు ఉన్న న్యాయమూర్తులు 14 మంది మాత్రమే. మరుసటి ఏడాది అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ మోహన్ రెడ్డి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎన్.వి. రమణపైనా, కొందరు హైకోర్టు న్యాయమూర్తులపైనా ఆరోపణలు చేశారు. డిసెంబరులో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జె.కె. మహేశ్వరిని సిక్కింకు బదిలీ చేయాలని కొలీజియం సిఫారసు చేసింది. అప్పుడే మరికొందరు ప్రధాన న్యాయమూర్తులకూ బదిలీలు జరిగాయి. కారణాలు మాత్రం వెల్లడి కాలేదు.

విచారణ నుండి తప్పుకోవాలని ప్రభుత్వం కోరిన జస్టిస్ రాకేశ్ కుమార్, డిసెంబరు 30న ఆ అభ్యర్థనను తోసిపుచ్చారు. ఈ బదిలీ వలన ముఖ్యమంత్రికి అనుచిత ప్రయోజనం కలుగుతుందని తన ఉత్తర్వులో వ్యాఖ్యానించారు. మరునాడే పదవీ విరమణ చేశారు. ముఖ్యమంత్రి ఫిర్యాదును సుప్రీంకోర్టు 2021 మార్చిలో తోసిపుచ్చింది. అయితే రాజధాని కేసుల విచారణ కొత్త ధర్మాసనం ఎదుట మళ్లీ మొదలు కావలసి వచ్చింది. తీర్పు 2022 మార్చి 3న వెలువడేనాటికి ఆ పీఠంపై ఉన్నది మహేశ్వరి తరువాత వచ్చిన రెండవ ప్రధాన న్యాయమూర్తి. ఎవరి పక్షం సరైనదన్నది ఇక్కడ మన చర్చ కాదు. పీఠం మారితే కాలం ఎంతగా మారుతుందో గమనించాలి.

మన గడపలోకి

భూమి పరిహారం కోసం ఎదురుచూసే గూడెం రైతుకూ, పింఛను ఆగిన ఏలూరు ఉపాధ్యాయునికీ చివరి ఆశ తరచుగా హైకోర్టే. వక్ఫ్ ట్రిబ్యునల్ నిర్ణయంపై అప్పీలు చేసుకోవలసినదీ అక్కడే. కోర్టు ఆదేశం బ్రతుకును ఎలా తాకుతుందో కొల్లేటి ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఐదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించిన సరస్సులో, 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు చేపల చెరువుల గట్లు తెగాయి. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతోనే మన పిల్లల సీట్లు నిలిచాయి.

పాలకునికీ న్యాయమూర్తికీ మధ్య ఈ పెనుగులాట పాతదే. ఇమామ్ అబూ హనీఫా ఖాజీ పదవిని నిరాకరించి చెరసాల పాలయ్యారని చరిత్రకారులు రాశారు. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ అదే పదవిని స్వీకరించి ప్రధాన ఖాజీ అయ్యారు. నియమించిన వాని చేయి పైనుండగా నిష్పక్షంగా నిలవడం ఎంత కష్టమో ఆ గురుశిష్యులిద్దరికీ తెలుసు.

మనం చేయగలిగినది

తీర్పు నచ్చిన నాడు న్యాయమూర్తిని ఆకాశానికి ఎత్తి, నచ్చని నాడు దూషించే అలవాటు మానుకుందాం. ఖాళీలు ఎందుకు నిండలేదని మన పార్లమెంటు సభ్యులను మర్యాదగా అడుగుదాం. పదేళ్లు హైకోర్టులో న్యాయవాదిగా ఉన్నవారు న్యాయమూర్తి పదవికి అర్హులని రాజ్యాంగం చెబుతోంది. కాబట్టి పాఠక సోదర సోదరీమణులారా, మీ కుమారుడో కుమార్తెయో న్యాయశాస్త్రం చదువుతానంటే వారించకండి. రేపటి పీఠానికి పేర్లు వెదికేవారికి నేడు చదువుకుంటున్న పిల్లలే కనిపించాలి.