ఆడుపంది – మేత, చలనము, శక్తివ్యయము

పావగడ తాలూకాలోని వై.ఎన్.హొసకోట పట్టుచీరల నేతకు పేరొందిన గ్రామము. ఆ ప్రాంతమున వాన అల్పము. వేరుసెనగ ప్రధానమైన పైరు. ఇట్టి మెట్టసీమలో పశువునకు వేయు ప్రతి గంపెడు మేతయు విలువైనదే. కావున తిన్న మేతలో ఎంత భాగము పిల్లలుగను మాంసముగను మారుచున్నది, ఎంత భాగము వేడియై గాలిలో కలిసిపోవుచున్నది అను ప్రశ్న పందులను పెంచు బీదకుటుంబమునకు జీవనప్రశ్నయే యగును.

జంతువు కదలకున్నను గుండె యాడుటకు, ఊపిరి పీల్చుటకు, ఒంటి వేడి నిలుచుటకు కొంత శక్తి వ్యయమగును. 200 కిలోగ్రాముల చూలుపందికి ఈ కనీసవ్యయము దినమునకు సుమారు 5,300 కిలోకాలరీలు. పందిని ప్రత్యేకమైన గదిలో నుంచి, అది పీల్చిన ప్రాణవాయువును, విడిచిన బొగ్గుపులుసు వాయువును కొలిచి శాస్త్రజ్ఞులు ఇట్టి లెక్కలు కట్టుదురు.

పరుండిన పంది లేచి నిలిచినంతనే దాని శరీరమునందు పుట్టు వేడి రమారమి రెట్టింపగును. ఆవు, గొఱ్ఱెలతో పోల్చిన పందికి నిలుచుటయే మిక్కిలి ఖర్చుతో కూడిన పని. ఫ్రాన్సు దేశమున నోబ్లే మున్నగువారు 1993లో ప్రకటించిన కొలతల ననుసరించి, పై చెప్పిన పంది ఒక గంట అధికముగా నిలిచినచో సుమారు 230 కిలోకాలరీలు, అనగా 75 గ్రాముల దాణా, వ్యర్థమగును.

నడకకు వ్యయము వేరు. 60 కిలోగ్రాముల నాటుపంది వీధులవెంట 5 కిలోమీటర్లు తిరిగినచో దాదాపు 500 కిలోకాలరీలు ఖర్చగును. ఇది దాని కనీసవ్యయములో ఇంచుమించు నాలుగవ వంతు. ఊరంతయు తిరిగి తినివచ్చిన మేత ఖర్చులేనిదని తలచుట పొరపాటు.

అట్లని కట్టివేసి కొలతమేత వేసిన చాలునా? చాలదు. కడుపు నిండని తల్లిపంది ఊరకుండదు. లేచి నిలుచును, నేలను త్రవ్వును, ఊచలను కొరుకును. దాణా తగ్గించి మిగిల్చినదంతయు ఈ అలజడిలోనే పోవచ్చును. తవుడు, పచ్చికూర వంటి పీచుగల మేతను కలిపినచో కడుపు నిండినట్లు తోచి అది ఎక్కువసేపు పరుండును.

మేత జీర్ణమగునపుడును వేడి పుట్టును. పందికి చెమట మిక్కిలి తక్కువ. ఎండకాలమున ఆ వేడిని బాపుకొనలేక అది తిండి తగ్గించును. పాలిచ్చు తల్లికి కనీసవ్యయమునకు మూడింతలు శక్తి కావలసియుండగా ఇది పిల్లలకు ముప్పు. కావున ఉదయము, సాయంకాలము చల్లని వేళల మేత వేయుట, నీడయు నీరును సమకూర్చుట మేలు.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము సీమజాతి, నాటుజాతుల కలయికతో సంకరజాతి పందిని రూపొందించినది. జాతి యెంత మేలైనదైనను, తిన్న శక్తి అలజడిపాలు గాకుండ కాపాడినపుడే ఫలితము చేతికందును.