స్వస్థత తరువాతి పరిచర్య: పార్కిన్సన్ శస్త్రచికిత్స, వ్యక్తిత్వం, కుటుంబం

పార్కిన్సన్ వ్యాధితో ఏళ్ళ తరబడి వణికిన చేయి శస్త్రచికిత్స తరువాత కుదుటపడితే, ఆ ఇంట కృతజ్ఞతా కూడిక జరుగుతుంది. అది తగినదే. అయితే కొన్ని నెలలకు భార్య వచ్చి, "అయ్యగారూ, ఈయన మునుపటి మనిషి కాడు" అంటే కాపరి ఏమి చేయాలి? ఈ ప్రశ్ననే మేము ఇక్కడ పరిశీలిస్తున్నాము.

చికిత్స స్వభావం

1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించిన ఈ వ్యాధిలో, డోపమిన్‌ను తయారుచేసే మెదడు కణాలు క్రమంగా నశిస్తాయి. మందుల ప్రభావం నిలకడ తప్పినవారిలో కొందరికి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ చేస్తారు. మెదడు లోతున సన్నని తీగలు అమర్చి, ఛాతీ చర్మం క్రింద ఉంచిన పరికరం నుండి విద్యుత్తు పంపుతారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ బృందం 1987లో ఈ మార్గం తెరిచింది. హైదరాబాదు నిమ్స్‌లో కూడా ఈ చికిత్స చేస్తారు. ఇది లక్షణాలను తగ్గిస్తుంది గాని వ్యాధిని నిర్మూలించదు.

కనిపించిన మార్పులు

పారిస్ వైద్యులు 2006లో ప్రచురించిన పరిశీలనలో, శస్త్రచికిత్స పొందిన 29 మందిలో చాలామందికి శరీరం మెరుగుపడింది. అయినా తామే తమకు క్రొత్తగా తోచినట్లు పలువురు చెప్పారు. 24 జంటలలో 17 జంటల మధ్య కలహం కలిగింది. 2004లో నెదర్లాండ్స్ వైద్యులు ఇంకొక సంగతి తెలిపారు. ఒక రోగికి పరికరం పనిచేస్తే ఉన్మాదం, ఆపితే మంచాన పడే స్థితి. పరికరం ఆపి, తెలివి నిలకడగా ఉన్నప్పుడు అడిగితే, మానసిక చికిత్సాలయంలో ఉండవలసివచ్చినా పరికరం పనిచేయుటనే అతడు కోరుకొన్నాడు.

ఇందుకు కారణం ఒక్కటే కాదు. కదలికలను నడిపే కేంద్రం ప్రక్కనే ఉద్రేకాలకు సంబంధించిన నాడీమార్గాలున్నాయి. శస్త్రచికిత్స తరువాత మందులు బాగా తగ్గిస్తే కొందరిలో నిరాసక్తత కలుగుతుంది. కొన్ని మందులవలన జూదం, విపరీతమైన ఖర్చు వంటివి రావచ్చు. వ్యాధి కూడా మనస్సును మార్చగలదు. అంతేకాక, ఇన్నాళ్ళు అన్నం తినిపించిన భార్యకు ఒక్కసారిగా ఆ పని లేకపోవుట, భర్త తన ఇష్టప్రకారం తిరుగుట కలహానికి తావిస్తాయి. వ్యక్తిత్వ మార్పును చికిత్సకే అంటగట్టుటకు ఆధారాలు చాలవని 2018లో కొందరు నీతిశాస్త్ర పరిశోధకులు వాదించారు. కాబట్టి తొందరపడి తీర్పు తీర్చరాదు.

వాక్యపు వెలుగులో

ఆదికాండము 2వ అధ్యాయం ప్రకారం నరుడు మంటితో చేయబడి, దేవుని ఊపిరిచేత జీవించువాడు. శరీరం మనకు పైవస్త్రం కాదు. అది మనలో భాగమే. కనుక మెదడులోని మార్పు గుణంలో కనిపించిందని ఆత్మ లేదనుకోనక్కరలేదు, దయ్యం పట్టిందనీ అనుకోరాదు. రోగి బాధ్యత కొంత తగ్గినా, భార్యకు తగిలిన గాయం నిజమైనదే. యోహాను 5లో 38 ఏండ్ల రోగిని స్వస్థపరచిన ప్రభువు, తరువాత దేవాలయంలో అతనిని మరల కలిశాడు. స్వస్థతతో ఆయన పరిచర్య ముగియలేదు.

కాపరులకు సూచనలు

శస్త్రచికిత్సకు ముందే దంపతులిద్దరితో ఈ మార్పుల గూర్చి మాట్లాడాలి. తరువాత భార్య మాటను వేరుగా, రహస్యంగా వినాలి. కలిగిన మార్పును వైద్యునికి తెలియజేయాలి. విద్యుత్తు మోతాదును, మందులను ఆయన సరిచేయగలడు. ఎవరూ స్వయంగా మందు ఆపరాదు. చావు మాటలు వినబడితే ఆ దినమే వైద్యుని యొద్దకు చేర్చాలి. గొల్లపల్లి నుండి హైదరాబాదు దాదాపు 200 కిలోమీటర్లు. పరికరం సరిచేయించుకొనుటకు పలుమార్లు వెళ్ళవలసి ఉంటుంది. తోడు వెళ్ళే మనిషిని, దారి ఖర్చును సంఘం సమకూర్చితే, కృతజ్ఞతా కూడికలో మొదలైన పరిచర్య అక్కడ కొనసాగుతుంది.