పంచాయతీ కంప్యూటరు తెర నిరాడంబరముగా నుండవలెను

2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ్ స్వరాజ్ ఆరంభమైనది మొదలు పంచాయతీ పద్దులు దానిలోనికి ఎక్కుచున్నవి. తుమ్మలపల్లె వంటి గ్రామముల సభ్యులు వానిని స్వయముగా చూడగోరినచో తెర తేటగా నుండవలెను. కొండలు, పూలతోటలు, సినిమా తారల బొమ్మలు పరచిన తెరపై పద్దుల గుర్తును వెదకుటకే కన్నులు అలసిపోవును.

తెర రూపమును తీర్చు ఏర్పాటును థీము అందురు. కంప్యూటరు అమరికలలోనే దీనిని మార్చుకొనవచ్చును, ఖర్చు లేదు. వెనుక ఒకే లేతరంగు నుంచుడని మా సూచన. తలుపులు తెరచిన కార్యాలయములో మన సీమ వెలుతురుకు నల్లని తెర అద్దమువలె చూచువాని ముఖమునే చూపును. నిత్యావసరమగు నాలుగైదు గుర్తులు మాత్రముంచి, తక్కినవానిని ఒక ఫోల్డరులో చేర్పవలెను. తొలగించుట కాదు సుమా!

పేర్లు తెలుగున నుండుట మేలు. అయితే ఆంగ్లమునకు చాలిన పరిమాణము తెలుగునకు చాలదు. మన గుడులు పైకి, వత్తులు క్రిందికి పోవును. అక్షరము చిన్నదైనచో ‘ప’కును ‘వ’కును, ‘ధ’కును ‘థ’కును భేదము తెలియదు. పింఛను జాబితాలో పేరు తప్పుగా చదివినచో ఒక వృద్ధురాలు మరల నడచి రావలసివచ్చును.

అమర్చిన పిమ్మట కన్నద్దములు ధరించు సభ్యునొకనిని మూడడుగుల దూరమున కూర్చుండబెట్టి చదివింపుడు. తడబడినచో అక్షరమును ఇంకను పెంచవలసియున్నది.