తపాలా మూసినా ఆగని కలకత్తా పత్రిక

ఖరగ్‌పూర్: పత్రిక నోరు నొక్కదలచిన పాలకులు అచ్చుయంత్రం జోలికి వెళ్లడానికి ముందే, అది పాఠకుడిని చేరే దారిని మూసివేయవచ్చు. భారతదేశపు తొలి వార్తాపత్రికకు ఎదురైన అనుభవం ఇదే. ఈ రైల్వే పట్టణానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కలకత్తా (నేటి కోల్‌కతా)లో 1780 జనవరి 29న వెలువడిన ఆ వారపత్రిక పేరు ‘బెంగాల్ గెజిట్’.

దాని సంపాదకుడు జేమ్స్ అగస్టస్ హికీ ఐర్లండ్ దేశస్థుడు. అప్పులపాలై జైలుకు వెళ్లి, అక్కడే ముద్రణ వృత్తి ఆరంభించినవాడు. సుమారు 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు గల ఆ పత్రిక నేటి టాబ్లాయిడ్ కంటే చిన్నది. స్వభావం మాత్రం టాబ్లాయిడ్‌దే. నగర ప్రముఖులకు మారుపేర్లు పెట్టి ఎగతాళి చేయడం, పుకార్లను సైతం అచ్చువేయడం దాని బలహీనత. వీధుల దుస్థితి, కింది స్థాయి సిపాయిల కష్టాలు, కంపెనీ అధికారుల అవినీతి గురించి నిర్భయంగా రాయడం దాని బలం.

గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు ఇది మింగుడుపడలేదు. 1780 నవంబరులో ప్రభుత్వం ‘బెంగాల్ గెజిట్’కు తపాలా సౌకర్యం రద్దు చేసింది. అదే నెలలో ఆరంభమైన పోటీ పత్రిక ‘ఇండియా గెజిట్’కు మాత్రం తపాలా రాయితీ లభించింది. నగరం వెలుపలి చందాదారులు దూరమైతే ఆదాయానికి గండిపడుతుందన్నది తెలిసిందే. హికీ లొంగలేదు. హర్కారాలను నియమించి పత్రికను పంచాడు.

అనంతరం ప్రభుత్వం న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 1781లో పరువునష్టం కేసుల్లో శిక్షపడి జైలుపాలైనప్పటికీ హికీ అక్కడినుంచే పత్రికను నడిపాడు. చివరకు 1782 మార్చిలో ముద్రణ సామగ్రిని స్వాధీనం చేసుకోవడంతో పత్రిక మూతపడింది. హికీ 1802లో చైనా వెళుతూ ఓడలో మరణించాడు.

రెండేళ్లకు కాస్త మించిన ఆయుష్షులోనే ఆ పత్రిక వేసిన బాట మూసుకుపోలేదు. 1784లో ‘కలకత్తా గెజిట్’, 1785లో ‘మద్రాస్ కొరియర్’ వెలువడ్డాయి. హేస్టింగ్స్ స్వదేశంలో 1788 నుంచి 1795 వరకు పార్లమెంటు విచారణను ఎదుర్కొని, నిర్దోషిగా బయటపడ్డారు. పాలకుడిని పేరుపెట్టి ప్రశ్నించవచ్చునన్న ధైర్యం మాత్రం ఈ దేశపు పత్రికలకు హికీ నుంచే సంక్రమించింది.

ఈ చరిత్ర ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన అనంతరం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాదిగా కార్మికులు తరలివచ్చి స్థిరపడ్డారు. 1927లో ఇక్కడి రైల్వే కార్మికులు సమ్మెకు దిగిన కాలంలో వారి పక్షాన నిలిచిన నాయకుల్లో, తదనంతరం రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఉన్నారు. క్వార్టర్లు, పింఛను, పిల్లల చదువు వంటివి ఇక్కడి కుటుంబాల నిత్య సమస్యలు. మహానగర పత్రిక దృష్టిలో ఇవి చిన్న వార్తలు. హికీ కాలంనాటి సిపాయి గోడు కూడా దొరల దృష్టిలో చిన్నదే.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం రాష్ట్ర అధికార భాషల్లో తెలుగుకు చోటు కల్పించాలని నిర్ణయించింది. ఇది హర్షణీయం. అయితే భాషకు గుర్తింపు ప్రభుత్వ ఉత్తర్వుతో లభించవచ్చు గాని, ఆ భాషలో ఊరి గోడు వినిపించే పత్రిక ఉత్తర్వుతో పుట్టదు. దానికి రాసేవారు, చందా కట్టేవారు, ఇంటింటికీ చేర్చేవారు ఉండాలి. తపాలా మూసినవేళ హికీ పత్రికను బతికించింది ఈ మూడో వర్గమే కావడం గమనార్హం.